క్లీన్ చేశాక సాఫ్ట్‌వేర్ తెరుచుకోవట్లేదా, ముందు ఇంకేమీ ఇన్‌స్టాల్ చెయ్యకండి

కంప్యూటర్ పాడైందని నాకొచ్చే ఫోన్లలో చాలావరకు ఒకేలా మొదలవుతాయి, "నిన్నటిదాకా బాగానే ఉంది అన్నా, నేనేం చెయ్యలేదు, ఉన్నట్టుండి తెరుచుకోవట్లేదు" అని. కాస్త అటూ ఇటూ కదిపితే అసలు సంగతి బయటికొస్తుంది, సిస్టమ్ స్లో అయిందనో, సీ డ్రైవ్ ఎర్రగా కనబడుతోందనో ఏదో ఒక క్లీనర్ రన్ చేసి ఉంటారు. అది వాళ్ల లెక్కలో "చేసిన పని" కిందికే రాదు, శుభ్రం చెయ్యడం కూడా తప్పేనా అన్నట్టు మాట్లాడతారు. నాకు ఫోన్ చేసేసరికి ఆ సాఫ్ట్‌వేర్‌ని తీసేసి మళ్లీ వేసుకోవడం అయిపోయి ఉంటుంది, అదీ కుదరక ఎర్రర్ మెసేజ్‌ని గూగుల్‌లో కొట్టి, మొదట కనబడిన రిపేర్ టూల్ ఒకటి దించుకుని దాన్ని కూడా తోలేసి ఉంటారు.

క్లీనర్ చేసిన నష్టం కన్నా ఆ తర్వాత కంగారులో మనం చేసే పనుల వల్ల జరిగే నష్టమే ఎక్కువ, ఇదీ నా వాదన. క్లీనర్ తీసేసింది మామూలుగా చాలా చిన్నదై ఉంటుంది, ఒక రిజిస్ట్రీ కీ (విండోస్ సెట్టింగుల చిట్టాలో ఒక ఎంట్రీ), ఒక డీఎల్ఎల్ (ప్రోగ్రాంలు వాడుకునే కోడ్ ఫైల్), ఆపేసిన ఒక సర్వీస్ (తెర వెనక నడిచే ప్రోగ్రాం). అదేదో తెలిస్తే తిరిగి పెట్టడం ఎంతోసేపటి పని కాదు. తెలుసుకోకుండా దాని మీద ఇంకో నాలుగు మార్పులు చేశామనుకోండి, ఏది క్లీనర్ తీసింది, ఏది అన్‌ఇన్‌స్టాల్ తీసింది, ఏది ఆ రిపేర్ టూల్ గెలికింది అన్నది ఇక ఎవరికీ తెలీదు.

అసలు ఈ క్లీనర్లు ఏది చెత్తో ఎలా తేలుస్తాయో చూస్తే నా గోల అర్థమవుతుంది. పాత విండోస్‌లో ప్రతి ప్రోగ్రాం తన సెట్టింగులు ఐఎన్ఐ అనే టెక్స్ట్ ఫైళ్లలో రాసుకునేది, 1992లో వచ్చిన విండోస్ 3.1లో రిజిస్ట్రీ చిన్నగా మొదలై, విండోస్ 95 నాటికి సిస్టమ్ మొత్తానికీ అదే చిట్టా అయిపోయింది. ఏ ఫైల్‌ని ఏ ప్రోగ్రాం తెరవాలి, ఏ భాగం ఏ డీఎల్ఎల్‌లో ఉంది, ఏ సర్వీస్ ఎప్పుడు లేవాలి, అన్నీ అందులోనే. క్లీనర్ ఆ చిట్టా చదువుకుంటూ పోయి ప్రతి ఎంట్రీలో ఉన్న ఫైల్ దారిని పట్టుకుని అక్కడ ఆ ఫైల్ ఉందా లేదా అని చూస్తుంది, లేకపోతే "అనాథ ఎంట్రీ" అని జాబితాలో వేస్తుంది. అంతకు మించిన తెలివి దానికి లేదు. ఆ ఫైల్ బయటి హార్డ్ డిస్క్‌లో ఉండి ఆ డిస్క్ అప్పుడు పెట్టి లేకపోవచ్చు, ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉండి మీరు ఇంట్లో ఉండొచ్చు, క్లీనర్‌కి అవేమీ పట్టవు. ఇంట్లో లేనివాళ్ల సామానంతా వీధిలో పెట్టేసి ఇల్లు సర్దాను అన్నట్టే ఉంటుంది దాని పని.

ఇంకో రకం క్లీనర్లు ఉన్నాయి, "చాలాకాలంగా వాడనివి" అని తేదీ చూసి తీసేసేవి. ఏడాదికి ఒక్కసారి లెక్కలు మూసేటప్పుడు మాత్రమే వాడే టూల్ ఏదైనా ఉందంటే వాటికి అది చెత్తే.

పోనీ ఇంత రిస్క్ చేస్తే వచ్చే లాభం ఏంటి అంటే, రిజిస్ట్రీ విషయంలో దాదాపు ఏమీ లేదు. రిజిస్ట్రీలో కీలు లక్షల్లో ఉంటాయి, అదంతా చెట్టులా కొమ్మలు కొమ్మలుగా అమర్చి ఉంటుంది, ప్రోగ్రాంకి కావలసిన కీని పేరు పట్టుకుని నేరుగా వెతుక్కుంటుందే తప్ప మొదటి నుంచి చివరిదాకా చదువుకుంటూ రాదు, కాబట్టి పక్క కొమ్మల్లో కొన్ని వందల ఎండుటాకులు ఉన్నా లేకపోయినా వేగంలో తేడా కనబడదు. మైక్రోసాఫ్ట్ వాళ్లే 1990లలో రెగ్‌క్లీన్ అని ఒక టూల్ ఇచ్చి తర్వాత వెనక్కి తీసుకున్నారు, ఇప్పుడైతే రిజిస్ట్రీ క్లీనర్లు వాడితే మేం సపోర్ట్ చెయ్యం అని అధికారికంగానే రాసిపెట్టారు. స్కాన్ చెయ్యగానే "927 సమస్యలు దొరికాయి" అని ఎర్ర అక్షరాలతో భయపెట్టే రకాల సంగతి వేరే చెప్పాలి. మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉందని బెదిరించి డబ్బులు కట్టమనే క్లీనర్లని 2018 మార్చి నుంచి విండోస్ డిఫెండర్ అనవసర సాఫ్ట్‌వేర్ కింద లెక్కేసి తీసేస్తోంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే, ఉత్తుత్తి స్కాన్ ఫలితాలు చూపించి రిపేర్లు అమ్మారన్న ఆరోపణ మీద ఆఫీస్ డిపో అనే స్టోర్ల కంపెనీ, దానికి ఆ స్కాన్ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సపోర్ట్.కామ్ కలిసి 2019లో మూడున్నర కోట్ల డాలర్లు కట్టుకుని సెటిల్ చేసుకున్నాయి. అందులో తమాషా ఏంటంటే, మొదట అడిగే నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికి అవునని టిక్ పెట్టినా చాలు, స్కాన్ ఏం చూసినా చూడకపోయినా ఆ సాఫ్ట్‌వేర్ మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రాం) లక్షణాలు ఉన్నాయని చెప్పేదట. అలాంటి కంపెనీల మీద కేసులు 2024లో కూడా నడిచాయి.

సరే, రన్ చేసేశారు, ఇప్పుడు ఒక ప్రోగ్రాం పోయింది. అందరూ ఇచ్చే మొదటి సలహా, తీసేసి మళ్లీ వేసుకో. దీంతోనే నాకు పేచీ. విండోస్ ఫోల్డర్ లోపల ఇన్‌స్టాలర్ అని ఒక ఫోల్డర్ దాక్కుని ఉంటుంది, మామూలుగా కనబడదు, హిడెన్ సిస్టమ్ ఫైళ్లు చూపించమంటేనే కనబడుతుంది. లోపలంతా అర్థంపర్థం లేని అంకెలూ అక్షరాలూ పేరుగా ఉన్న ఎంఎస్ఐ, ఎంఎస్‌పీ ఫైళ్లు, ఒక్కోసారి గిగాబైట్లకి గిగాబైట్లు. చూడగానే ఎవరికైనా "ఇదే కదా చెత్తంతా" అనిపిస్తుంది, డిస్క్‌లో ఏది ఎంత తింటోందో చూపించే టూల్స్‌లో కూడా ఇది పెద్ద డబ్బాలా ముందే కనబడుతుంది. కానీ అవి మీ సాఫ్ట్‌వేర్లని తర్వాత రిపేర్ చెయ్యడానికీ, అప్‌డేట్ చెయ్యడానికీ, తీసేయడానికీ విండోస్ దాచుకున్న కాపీలు. వాటిని డిలీట్ చేస్తే ఆ రోజు ఏమీ కాదు, అన్నీ మామూలుగానే నడుస్తాయి. నెలల తర్వాత ఒక అప్‌డేట్ వచ్చినప్పుడు 1612 అనో 1706 అనో నంబర్ వేసి, ఇన్‌స్టలేషన్ సోర్స్ దొరకట్లేదు అంటుంది, అన్‌ఇన్‌స్టాల్ కొడితే అదీ అదే మాట అంటుంది. అంటే తీసేయడానికి కావలసిన ఫైలే పోయింది, ఇక తీసేసి మళ్లీ వేసుకో అనే సలహా ఏం పనికొస్తుంది?

ఇక్కడ ఇంకో పొరపాటు సలహా కూడా తిరుగుతుంటుంది, పక్క కంప్యూటర్లోంచి ఆ ఫోల్డర్ కాపీ చేసి పెట్టేయమని. ఆ పేర్లు ఒక్కో మెషీన్‌లో ఒక్కోలా ఉంటాయి, పక్కదాంట్లోవి దీనికి పనికిరావు. చెయ్యాల్సింది ఏంటంటే అదే సాఫ్ట్‌వేర్, సరిగ్గా అదే వెర్షన్ అసలు సెటప్ ఫైల్ సంపాదించి దాంతో రిపేర్ కొట్టడం, సోర్స్ ఎక్కడని అడిగితే ఆ ఫైల్‌నే చూపించడం. కొత్త వెర్షన్ సెటప్ తెస్తే కుదరకపోవచ్చు, ఎందుకంటే కొత్తది ముందు పాతదాన్ని తీసేయాలని చూస్తుంది, పాతది తీయడానికి ఫైల్ లేదు, మళ్లీ మొదటికే వస్తాం. మైక్రోసాఫ్ట్ దగ్గర ఇన్‌స్టాల్, అన్‌ఇన్‌స్టాల్ సమస్యలకి ఒక ట్రబుల్‌షూటర్ ఉంది, మొండికేసిన ఎంట్రీలని అది తీస్తుంది, మిగతావన్నీ అయ్యాకే దాన్ని ముట్టుకోండి. దానికి ముందు విండోస్ ఇన్‌స్టాలర్ క్లీనప్ యుటిలిటీ అని ఇంకోటి ఉండేది, వేరే భాగాలని పాడు చేస్తోందని 2010లో వాళ్లే తీసేశారు, ఇప్పటికీ కొన్ని సైట్లలో దొరుకుతుంది, ఎవరైనా లింక్ పంపినా వద్దనండి.

మరి ఏం చెయ్యాలి. ముందు వెనక్కి వెళ్లే దారి ఉందేమో చూడాలి. చాలా క్లీనర్లు రిజిస్ట్రీ తీసే ముందు బ్యాకప్ కావాలా అని అడుగుతాయి, మీరు అవును అని ఉంటే డాక్యుమెంట్స్‌లో తేదీ పేరుతో ఒక రెగ్ ఫైల్ ఉంటుంది, దాన్ని డబుల్ క్లిక్ చేస్తే తీసినవన్నీ తిరిగి చేరిపోతాయి. ఒక్క జాగ్రత్త, ఎవరి లాగిన్‌లో క్లీన్ చేశారో ఆ లాగిన్‌లోనే చెయ్యండి. ఆఫీసుల్లో అడ్మిన్ పాస్‌వర్డ్ వేరేవాళ్ల దగ్గర ఉంటుంది కదా, వాళ్లు వచ్చి తమ అకౌంట్‌తో నడిపితే మీ యూజర్‌కి చెందిన సెట్టింగులు వెళ్లి వాళ్ల ప్రొఫైల్లో పడతాయి, మీకు ఏమీ మారదు, "బ్యాకప్ కూడా పని చెయ్యలేదు" అని తేల్చేస్తారు. ఆ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడటం ఇంకా మంచిది, ఏమేం తీసిందో మొత్తం జాబితా అదే, మీ సాఫ్ట్‌వేర్ పేరో కంపెనీ పేరో అందులో వెతికితే దొంగ దొరికిపోవచ్చు.

అది లేకపోతే రీస్టోర్ పాయింట్, అంటే విండోస్ ముందే దాచుకున్న పాత సిస్టమ్ స్థితికి వెనక్కి వెళ్లడం. మీ ఫొటోలు, డాక్యుమెంట్ల జోలికి అది రాదు, కానీ ఆ తేదీ తర్వాత వేసుకున్న ప్రోగ్రాంలు పోతాయి, అందుకే ముందు "స్కాన్ ఫర్ ఎఫెక్టెడ్ ప్రోగ్రామ్స్" నొక్కి చూసుకోండి. బాధ ఏంటంటే చాలా మెషీన్లలో ఇది ఆన్‌లోనే ఉండదు, ఉన్నా స్థలం కోసం క్లీనర్లే పాత రీస్టోర్ పాయింట్లని కూడా ఊడ్చేస్తాయి. విండోస్ సొంత డిస్క్ క్లీనప్‌లో కూడా మోర్ ఆప్షన్స్ అనే ట్యాబ్‌లో, చివరిది తప్ప మిగతావన్నీ తీసేసే బటన్ ఉంది. ఇంకా కొందరు పాతకాలపు చిట్కా చెప్తారు, సిస్టమ్32 లోపల కాన్ఫిగ్‌లో రెగ్‌బ్యాక్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో రిజిస్ట్రీ కాపీ ఉంటుంది అని. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి ఆ ఆటోమేటిక్ కాపీ ఆపేశారు, ఫోల్డర్ ఉంటుంది, ఫైళ్లు ఉంటాయి, సైజు మాత్రం సున్నా. ఆ సున్నా ఫైళ్లని అసలు రిజిస్ట్రీ మీద పెట్టేస్తే విండోస్ లేవదు.

క్వారంటైన్ (అనుమానం వచ్చిన ఫైళ్లని యాంటీవైరస్ బంధించి ఉంచే చోటు) కూడా ఒకసారి చూడండి, ఈమధ్య క్లీనర్, యాంటీవైరస్ రెండూ ఒకే ప్యాకేజీగా వస్తున్నాయి, తీసేసిన డీఎల్ఎల్ అక్కడ బందీగా కూర్చుని ఉండొచ్చు.

ఇవేవీ లేనప్పుడు ఇక ఆనవాళ్లు చదవాలి, నాకు ఇష్టమైన భాగం ఇదే. స్టార్ట్‌లో రిలయబిలిటీ అని టైప్ చేస్తే రిలయబిలిటీ హిస్టరీ వస్తుంది, రోజువారీ చార్ట్, ఏ రోజు ఏ ప్రోగ్రాం కూలిందో ఎర్ర గుర్తు ఉంటుంది, ఆ పక్కనే ఆ రోజు ఏం ఇన్‌స్టాల్ అయిందో ఏం తీసేశారో కూడా ఉంటుంది. "నేనేం చెయ్యలేదు" అనేవాళ్లకి ఆ చార్ట్ చూపిస్తే మెల్లిగా గుర్తొస్తుంది. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్‌లో 1000 నంబర్ ఈవెంట్ చూస్తే ఏ మాడ్యూల్ దగ్గర పడిపోయిందో రాసి ఉంటుంది, సైడ్‌బైసైడ్ పేరుతో 33 ఉంటే విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ (చాలా ప్రోగ్రాంలు నడవడానికి కావలసిన మైక్రోసాఫ్ట్ ఫైళ్ల సెట్) పోయిందని దాదాపు చెప్పేయొచ్చు.

ఈ రన్‌టైమ్‌ల కథ మామూలుది కాదు. ప్రోగ్రామ్స్ జాబితాలో 2005, 2008, 2010, 2012, 2013 అని ఒకే పేరు మీద ఇన్ని ఉండేసరికి డూప్లికేట్లేమో అని జనం చేత్తోనే తీసేస్తారు. అవి డూప్లికేట్లు కావు, ఏ ప్రోగ్రాం ఏ ఏడాది దాంతో తయారైతే దానికి అదే కావాలి. 2015 నుంచి వచ్చినవి మాత్రం ఒకే వరసలో కలిసిపోయాయి, కొత్తది వేస్తే పాతవాటికీ సరిపోతుంది. ఎంఎస్‌వీసీపీ140 లేదనో వీసీరన్‌టైమ్140 లేదనో మెసేజ్ వస్తే అదే, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దించుకుని 32 బిట్, 64 బిట్ రెండూ వెయ్యండి, మీ విండోస్ 64 బిట్ అయినా సరే, ఎందుకంటే ప్రోగ్రాం 32 బిట్‌ది అయ్యుండొచ్చు. విడిగా డీఎల్ఎల్ ఫైల్ ఒక్కటీ దించుకోమనే సైట్ల జోలికి మాత్రం వెళ్లొద్దు, అందులో ఏముందో ఎవరు చూశారు.

కొన్ని ప్రోగ్రాంలు ఏ మెసేజూ ఇవ్వవు, డబుల్ క్లిక్ చేస్తే కర్సర్ కాసేపు తిరుగుతుంది, అంతే. అలాంటిది ఒకటి చెప్తాను, తెలిసినావిడ లేఅవుట్లు చేసుకునే డిజైన్ సాఫ్ట్‌వేర్. "తమ్ముడూ, మూడోసారి వేస్తున్నా, అయినా తెరుచుకోదు" అంది. రిలయబిలిటీ చార్ట్‌లో కూలినట్టు ఉంది కానీ కారణం సరిగ్గా లేదు, సరే అని ప్రాసెస్ మానిటర్ తెరిచాం. మార్క్ రసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ మొదలుపెట్టిన సిస్‌ఇంటర్నల్స్ టూల్స్‌లో ఒకటి, 2006లో మైక్రోసాఫ్ట్ కొనేసింది, ఉచితం, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. ఒక ప్రోగ్రాం ఏ ఫైల్ అడిగింది, ఏ రిజిస్ట్రీ కీ అడిగింది, దానికి ఏం జవాబు వచ్చింది అన్నది వరసగా చూపిస్తుంది. ఆ ప్రోగ్రాం పేరు ఒక్కటే ఫిల్టర్‌లో పెట్టి రన్ చేస్తే వేల లైన్లు, అందులో "నేమ్ నాట్ ఫౌండ్" అనే జవాబులు వందల్లో. కొత్తవాళ్లు ఇక్కడే హడలిపోతారు. ఆరోగ్యంగా ఉన్న ప్రోగ్రాం కూడా ఉన్నాయో లేవో అని అలా అడుగుతూనే ఉంటుంది, అది మామూలే, కాబట్టి పైనుంచి చదవకూడదు. చివరికి వెళ్లి, వెర్‌ఫాల్ట్ అనే ఎర్రర్ రిపోర్టింగ్ ప్రోగ్రాం లేచిన చోటు పట్టుకుని అక్కడి నుంచి పైకి చదవాలి.

చదివితే, చనిపోయే ముందు అది ఒక పొడుగాటి సీఎల్ఎస్ఐడీ నంబర్‌ని (సాఫ్ట్‌వేర్ భాగాన్ని గుర్తుపట్టే ఐడీ) మళ్లీ మళ్లీ అడుగుతోంది, దొరకట్లేదు. ఆ నంబర్‌ని రిజిస్ట్రీలో వెతికితే ఆ సాఫ్ట్‌వేర్ సొంత యాడ్ఆన్ జాబితాలో ఉంది, అంటే "ఫలానా యాడ్ఆన్ ఉంది, లోడ్ చెయ్యి" అన్న మాట ఉంది, ఆ యాడ్ఆన్ ఏ డీఎల్ఎల్‌లో ఉందో చెప్పే కీ మాత్రం లేదు. "ఈ యాడ్ఆన్ ఎక్కడ పెట్టారక్కా" అంటే, సీ డ్రైవ్‌లో చోటు లేక సింబల్స్ లైబ్రరీ అంతా బయటి డిస్క్‌లో వేశానంది. క్లీనర్ తోలిన రోజు ఆ డిస్క్ పెట్టి లేదు. ఫైల్ లేదు కాబట్టి అనాథ, అనాథ కాబట్టి చెత్త, తీసేసింది. ఆవిడ ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా అది అసలు సాఫ్ట్‌వేరే తప్ప యాడ్ఆన్ కాదు, పోయింది ఇక్కడ, కట్టు కడుతున్నది అక్కడ. డిస్క్ పెట్టి, అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో రెగ్‌ఎస్‌వీఆర్32 అనే కమాండ్‌తో ఆ డీఎల్ఎల్‌ని మళ్లీ రిజిస్టర్ చేస్తే తెరుచుకుంది. ఇందులోనూ ఒక మెలిక, అది 32 బిట్ డీఎల్ఎల్, కాబట్టి సిస్‌వావ్64 అనే ఫోల్డర్‌లో ఉన్న రెగ్‌ఎస్‌వీఆర్32 వాడాలి. 64 అని పేరున్న చోట 32 బిట్‌వి, సిస్టమ్32 అని పేరున్న చోట 64 బిట్‌వి ఉంటాయి విండోస్‌లో, ఎవరిని తిట్టాలో కూడా తెలీదు. "క్లాస్ నాట్ రిజిస్టర్డ్" అని 80040154 నంబర్‌తో ఎర్రర్ వస్తే ఈ కథే, కాకపోతే అక్కడ ప్రోగ్రాం నోరు తెరిచి చెప్తుంది, ఈవిడ ప్రోగ్రాం చెప్పలేదు.

ఈ పద్ధతి అందరి వల్లా కాదు, వేల లైన్ల లాగ్ చదవమంటే ఎలా అని అడుగుతారు, న్యాయమే. కానీ దాంట్లోంచి పట్టుకోవాల్సింది లాగ్ కాదు, ఆవిడని అడిగిన ఆ ఒక్క ప్రశ్న, ఈ ప్రోగ్రాంకి సంబంధించినవి ఇంకెక్కడున్నాయి అని. యాడ్ఆన్, ప్లగిన్, లైసెన్స్ సర్వీస్, డాంగిల్ (లైసెన్స్ కోసం యూఎస్‌బీలో పెట్టే తాళం లాంటిది) డ్రైవర్, డేటాబేస్ ఇంజిన్, ఇవన్నీ జాబితాలో వేరే పేర్లతో ఉంటాయి, వేరుగానే రిపేర్ చెయ్యాలి. స్టార్టప్‌లో అనవసరం అని ఆపేసినవాటిలో లైసెన్స్ సర్వీస్ ఉందేమో సర్వీసెస్‌లోకి వెళ్లి చూస్తే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

అందరూ చెప్పే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ గురించి కూడా ఒక మాట. మంచి కమాండే, కానీ అది చూసేది విండోస్ సొంత ఫైళ్లని. మీ డిజైన్ సాఫ్ట్‌వేర్ కీ పోయిందా లేదా దానికి తెలీదు, "ఏ లోపమూ లేదు" అని వస్తే విండోస్‌కి లోపం లేదనే అర్థం. విండోస్ భాగాలే పాడయ్యాయని అనుమానం ఉంటే, ముందు డిస్మ్ అనే ఇంకో విండోస్ కమాండ్‌తో రీస్టోర్ హెల్త్ నడిపి, ఆ తర్వాత ఎస్‌ఎఫ్‌సీ నడపాలి, ఎందుకంటే ఎస్‌ఎఫ్‌సీ మంచి కాపీలు తెచ్చుకునే గోడౌన్‌ని బాగు చేసేది డిస్మే.

మరి డిస్క్ నిండిపోతే ఏం చెయ్యమంటావ్ అంటారా, అది నిజం సమస్యే, నేను కాదనట్లేదు. నిండిన డిస్క్‌తో అప్‌డేట్లు ఆగిపోతాయి, సిస్టమ్ ఈడుస్తుంది. సెట్టింగ్స్‌లో ఉన్న స్టోరేజ్ సెన్స్ వాడండి, టెంపరరీ ఫైళ్లు, రీసైకిల్ బిన్ దాంతో పోతాయి. దాంట్లో కూడా అన్ని టిక్కులూ పెట్టేసే అలవాటు వద్దు. 2018 అక్టోబర్ అప్‌డేట్‌తో డిస్క్ క్లీనప్ జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా వచ్చి చేరింది, అన్నీ టిక్ పెట్టే అలవాటున్నవాళ్లు దాచుకున్న సెటప్ ఫైళ్లన్నీ పోగొట్టుకున్నారు, ఇందాక చెప్పిన 1612 ఎర్రర్ వచ్చినప్పుడు కావలసింది సరిగ్గా ఆ ఫైళ్లే. విండోస్ తన భాగాల కాపీలు దాచుకునే విన్ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్ చూసి కూడా కంగారు పడొద్దు, అందులో చాలావరకు హార్డ్ లింకులు, ఒకే ఫైల్ రెండు చోట్ల లెక్కకి రావడం వల్ల అంత పెద్దగా కనబడుతుంది, చేత్తో ఒక్క ఫైల్ కూడా తీయకండి, తగ్గించాలంటే డిస్మ్‌లోనే దానికి క్లీనప్ ఆప్షన్ ఉంది.

అన్నీ చూశాక కూడా కుదరకపోతే ఫార్మాట్ అంటారు, దానికి ముందు ఇంకో మెట్టు ఉంది, ఇన్‌ప్లేస్ అప్‌గ్రేడ్. విండోస్ నడుస్తుండగానే మైక్రోసాఫ్ట్ నుంచి దించిన ఐఎస్ఓ (విండోస్ సెటప్ మొత్తం ఉన్న ఒకే ఫైల్) తెరిచి సెటప్ రన్ చెయ్యడం, పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి కాదు. మీ ఫైళ్లు, ప్రోగ్రాంలు ఉంటాయి, విండోస్ భాగాలు మాత్రం కొత్తగా వస్తాయి. బయటి సాఫ్ట్‌వేర్ల కీలు పోయుంటే ఇది తెచ్చివ్వదు, ఆ ఆశ పెట్టుకోకండి, విండోస్‌లో భాగమైనవే ఒకటికి నాలుగు చెడిపోయినప్పుడు మాత్రమే ఇది. సెటప్‌లో ఫైళ్లూ యాప్‌లూ ఉంచు అనే ఆప్షన్ నొక్కడానికి వీల్లేకుండా బూడిద రంగులో కనబడితే, దించిన ఐఎస్ఓ భాషో ఎడిషనో మీ విండోస్‌తో కలవలేదని అర్థం, నెక్స్ట్ కొట్టకుండా అక్కడే ఆపేసి సరైనది దించుకోండి.